కౌబాయ్ ఆట – కంగారూ దేశపు కొలతలు

మెల్బోర్న్‌కి గంటన్నర దూరంలో, యూకలిప్టస్ చెట్ల మధ్య ఉన్న ఒక మైదానంలో నెలకో ఆదివారం నా పేరు మారిపోతుంది. ఆ రోజు నన్నెవరూ ఇంటిపేరుతోనూ పిలవరు, ఆఫీసులో అరిగి అరిగి రెండక్షరాలకి దిగిన పేరుతోనూ పిలవరు. స్కోరు కాగితం మీద నేను "కర్నూలు కిడ్"ని. నెత్తిన వెడల్పు అంచుల టోపీ, నడుముకి తోలు పటకా, పటకాకి అటూ ఇటూ రెండు రివాల్వర్లు. మొదటిసారి ఈ వేషం చూసి మా ఆవిడ, "మోసగాళ్ళకు మోసగాడులో కృష్ణగారి గుర్రానికి గడ్డివేసే వేషం గానీ ఇచ్చారా?" అంది. 1971లో వచ్చిన ఆ సినిమా నేను పుట్టకముందుది. అయినా మా ఊళ్ళో రెండో రిలీజో, మూడో రిలీజో అయినప్పుడు నేల టిక్కెట్టులో కూర్చుని చూసిన జ్ఞాపకం ఇప్పటికీ పోలేదు. టోపీ సంగతి ఒప్పుకుంటాను, అది అక్కణ్ణించి వచ్చిందే.

ఈ ఆటని సింగిల్ యాక్షన్ షూటింగ్ అంటారు. 1980ల మొదట్లో కాలిఫోర్నియాలో కొందరు సరదాగా మొదలుపెట్టారు. 1987లో దానికి ఒక సంఘం ఏర్పడింది. పంతొమ్మిదో శతాబ్దం చివరి నాటి తుపాకులో, వాటి నమూనాలో మాత్రమే వాడాలి. ఒక్కొక్కరికీ నాలుగు కావాలి: రెండు రివాల్వర్లు, లీవరు లాగితే తూటా ఎక్కే రైఫిలు ఒకటి, షాట్‌గన్ ఒకటి. వెనకనుంచి టైమరు బీప్‌మనగానే, చెప్పిన వరసలో ఇనప పలకల్ని కొట్టాలి. రివాల్వర్లతో ఐదేసి, రైఫిలుతో పది, షాట్‌గన్‌తో రెండు నుంచి ఆరు దాకా. గురి తప్పిన ప్రతి దెబ్బకీ 5 సెకన్లు, వరస తప్పితే 10 సెకన్లు కలుపుతారు. చివరికి ఎవరి సమయం తక్కువైతే వాళ్ళది గెలుపు. రివాల్వర్లో ఆరు గదులున్నా ఐదే నింపాలి. గుర్రం ఖాళీ గది మీదే వాలి ఉండాలి.

గుర్రమంటే ఏమిటని మా అమ్మాయి అడిగింది. తూటా వెనక కొట్టే సుత్తి ముక్కని ఇంగ్లీషులో హ్యామర్ అంటారు. మా తాత మాత్రం గుర్రం అనేవాడు. "గుర్రం ఎత్తిపెట్టి తుపాకి గోడకి ఆనించకూడదురా" అనేవాడు. నల్లమల అంచున పొలం, అడవిపందుల బెడద, అందుకని ఆయనకి లైసెన్సు ఉన్న రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకి ఒకటి ఉండేది. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని గోనెసంచిలో చుట్టి పోలీసు స్టేషన్లో అప్పజెప్పి, రసీదు జాగ్రత్తగా పంచాంగంలో పెట్టుకునేవాడు. తుపాకి అంటే చట్టం దయతో మన దగ్గర ఉండే వస్తువని నాకు మొదట నేర్పింది ఆ రసీదే.

ఆ ఊళ్ళోనే ఇంకో ఆసామి దగ్గర .315 రైఫిలు ఉండేది. అదేం కొలత, ప్రపంచంలో ఇంకెక్కడా పెద్దగా వినపడదేమని నాకు చాలా ఏళ్ళు అనుమానం. సమాధానం ఆస్ట్రేలియా వచ్చాక దొరికింది. బ్రిటిషు సైన్యం వాడేది .303 తూటా, మన సినిమాల్లో కానిస్టేబుళ్ళు మోసే త్రీ నాట్ త్రీ. సైన్యం తూటా పౌరుల చేతికి చిక్కకూడదని ఇండియాలో ఆంక్ష పెట్టారు. వేటగాళ్ళు ఊరుకుంటారా? ఆస్ట్రియా దేశపు పాత 8 మిల్లీమీటర్ల తూటా ఆధారంగా .315 తయారైంది. తుపాకి ఆకారం ఇంచుమించు అదే, గొట్టం కొలతే వేరు. ఈ దేశంలోనూ అచ్చం అదే కథ నడిచింది. న్యూ సౌత్ వేల్స్‌లో సైనిక తూటాల మీద ఆంక్షలున్న రోజుల్లో, 1940లలో, ఇక్కడివాళ్ళు .303 తూటా మూతిని సన్నగా నొక్కి .25 గుండు పట్టేలా చేసుకున్నారు. .303/25 అని దానికి పేరు. లిత్‌గోలో 1912లో మొదలైన ఫ్యాక్టరీ, బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ ఒకే నమూనా లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళు చేసేవి. ఒకే సామ్రాజ్యం, ఒకే రైఫిలు, ఒకే రకం భయం. ఆ భయాన్ని దాటడానికి రెండు దేశాల్లోనూ కమ్మరి బుర్రలు ఒకే దారి వెతికాయి. నియమం కొలతలో ఉంటే, మనిషి కొలత మార్చుకుంటాడు.

నేను ఆడే ఆట చరిత్ర కూడా ఈ కొలతల చరిత్రే. అమెరికాలో ఆట నియమాల పుస్తకం ఒక్కటి చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. ఇక్కడ ఆ పుస్తకం పైన ఇంకో పుస్తకం ఉంది. పై పుస్తకంలో ప్రతి అధ్యాయం ఒక చావు తేదీతో మొదలవుతుంది.

మొదటి తేదీ 1996 ఏప్రిల్ 28, ఆదివారం. టాస్మేనియాలో పాతకాలపు ఖైదీల బస్తీ అయిన పోర్ట్ ఆర్థర్‌లో, విహారానికి వచ్చిన జనం మీద ఒకడు కాల్పులు జరిపాడు. 35 మంది చనిపోయారు. జాన్ హోవర్డ్ ప్రధాని అయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఈ దేశంలో తుపాకుల చట్టాలు రాష్ట్రాల చేతిలో ఉంటాయి, కేంద్రం ఒక్క సంతకంతో మార్చలేదు. అయినా పన్నెండు రోజుల్లో, మే 10న, రాష్ట్రాల పోలీసు మంత్రులందరినీ కూర్చోబెట్టి ఒప్పందం కుదిర్చారు. హోవర్డ్ పార్టీకి, దాని మిత్రపక్షానికి పల్లెల్లో గట్టి మద్దతు ఉండేది, తుపాకులు ఎక్కువగా ఉన్నదీ ఆ పల్లెల వాళ్ళ దగ్గరే. జూన్‌లో విక్టోరియాలోని సేల్ అనే ఊళ్ళో, కోటు లోపల తూటాలు దూరని చొక్కా తొడుక్కుని ఆయన ఆ జనం ముందే మాట్లాడాడు. ఆ చొక్కా వేసుకున్నందుకు తర్వాత ఆయనే నొచ్చుకున్నాడంటారు. నాకు ఆయన రాజకీయాలు చాలావాటిలో పడవు, కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం టోపీ తీస్తాను, కౌబాయ్ టోపీయే అయినా సరే.

మెడికేర్ పన్నుని ఒక్క ఏడాదికి ఆదాయంలో 1.5 శాతం నుంచి 1.7కి పెంచి, ఆ డబ్బుతో ప్రభుత్వం తుపాకులు కొనేసింది. 1996 అక్టోబరు నుంచి 1997 సెప్టెంబరు దాకా దాదాపు ఆరు లక్షల నలభై వేలు పోగయ్యాయి, అన్నీ తుక్కు చేశారు. మిగిలినవాటిని వర్గాలుగా విడదీశారు. మామూలు .22 రైఫిలు, రెండు గొట్టాల షాట్‌గన్ ఎ వర్గం. పెద్ద తూటాల బోల్టు రైఫిళ్ళు, లీవరు రైఫిళ్ళు బి వర్గం. తనంతట తను తూటా ఎక్కించుకునే షాట్‌గన్లు, ముందుకీ వెనక్కీ లాగే పంపు షాట్‌గన్లు సి వర్గంలోకీ డి వర్గంలోకీ పోయాయి, అంటే మామూలు మనిషికి అందవు. చేతి తుపాకులది హెచ్ వర్గం. తుపాకి కావాలంటే సరైన కారణం చూపించాలి, ఆత్మరక్షణ అనేది కారణం కాదు. కొనడానికి అనుమతి అడిగితే 28 రోజులు ఆగాలి.

ఆ ఏడాది జులైలో అట్లాంటా ఒలింపిక్స్ జరిగాయి. ట్రాప్‌లో మైకేల్ డైమండ్, డబుల్ ట్రాప్‌లో రస్సెల్ మార్క్ ఆస్ట్రేలియాకి బంగారు పతకాలు తెచ్చారు. దేశంలో తుపాకుల్ని లొంగదీసుకునే పనులు మొదలవుతున్న వేళ, తుపాకి పట్టినవాళ్ళకే పతకాలు! వాళ్ళ చేతుల్లో ఉన్నవి రెండు గొట్టాలవే, చట్టం వాటి జోలికి పోలేదు. మట్టి పళ్ళేలని కొట్టే ఆటగాళ్ళలో అప్పటికే సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్లు వాడుతున్నవాళ్ళకి మాత్రం తర్వాత ఒక చిన్న మినహాయింపు ఇచ్చారు. పాతవాళ్ళకి ఒక దారి, కొత్తవాళ్ళకి ఒక దారి.

ఇక రెండో తేదీ. 2002 అక్టోబరు 21, సోమవారం.

ఆ ఫిబ్రవరిలోనే నేను హైదరాబాదులో ఇంజనీరింగు ముగించుకుని, మాస్టర్స్ చదవడానికి మోనాష్ యూనివర్సిటీకి వచ్చాను. ఆ ఉదయం క్లేటన్ క్యాంపస్‌లో కంప్యూటర్ లాబ్‌లో ఉన్నాను. పదకొండున్నర ప్రాంతంలో మెన్జీస్ భవనం ఆరో అంతస్తులో, ఎకనామెట్రిక్స్ తరగతిలో ఒక విద్యార్థి లేచి కాల్పులు మొదలుపెట్టాడు. ఇద్దరు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. తరగతిలోనే ఉన్నవాళ్ళు ధైర్యం చేసి అతన్ని పట్టుకోబట్టి అక్కడితో ఆగింది. నేను చూసిందేమీ లేదు. విన్నదీ సైరన్లే, తర్వాత హెలికాప్టరు చప్పుడు. నాతో ఒకే ఇంట్లో ఉండే కుర్రాడికి ఆ భవనంలోనే క్లాసులుండేవి. రెండు గంటలపాటు వాడి ఫోన్ పలకలేదు. క్యాంటీన్లో సమోసా తింటూ కూర్చున్నాడని తెలిసినప్పుడు నాకు కోపం ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలీదు. సాయంత్రం పది డాలర్ల ఫోన్ కార్డు కొని ఇంటికి ఫోన్ చేస్తే, అమ్మ అప్పటికే టీవీలో చూసింది. "అమెరికా అయితే తుపాకులుంటాయని కదా ఆస్ట్రేలియా పంపించాం" అంది.

మిగతా దేశానికి మింగుడుపడని విషయం ఇంకోటుంది. అతని దగ్గరున్నవి దొంగ తుపాకులు కావు. పిస్టల్ క్లబ్బు సభ్యుడిగా లైసెన్సు తీసుకుని కొన్నవే. అంటే ప్రశ్న నేరుగా ఆటగాళ్ళ దగ్గరికి వచ్చింది: మీ ఆటకి ఏ తుపాకి కావాలి, ఎంత తుపాకి కావాలి? 2002 డిసెంబరులో ప్రధాని, రాష్ట్రాల ముఖ్యమంత్రులు కలిసి జవాబు రాశారు. 2003లో అది చట్టమైంది. గొట్టం లోపలి వ్యాసం .38 అంగుళం మించకూడదు. సెమీ ఆటోమేటిక్ పిస్టలైతే గొట్టం పొడవు కనీసం 120 మిల్లీమీటర్లు, రివాల్వరైతే 100 ఉండాలి, జేబులో దాచుకోవడానికి వీల్లేకుండా అన్నమాట. పది తూటాలకి మించి పట్టకూడదు. మొదటి ఆరు నెలలు సొంత తుపాకి ఉండకూడదు, ఏటా నిర్ణీత సంఖ్యలో పోటీలకి వెళ్ళకపోతే లైసెన్సు పోతుంది. ఆ ఏడాది రెండో సగంలో జరిగిన కొనుగోలులో దాదాపు డెబ్భై వేల చేతి తుపాకులు ప్రభుత్వానికి చేరాయి.

ఈ కొలతల దెబ్బ అన్ని ఆటల మీదా ఒకేలా పడలేదు. ఎక్కువ దెబ్బ తిన్నది ఐపిఎస్‌సి అనే ప్రాక్టికల్ షూటింగు. 1976లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, కొలంబియాలో పుట్టిన ఈ ఆటలో పరిగెత్తుతూ, గోడల చాటు నుంచి, అట్ట బొమ్మల్ని కొట్టాలి. 1990లో దాని ప్రపంచ పోటీలు అడిలైడ్‌లోనే జరిగాయి. గుండు బరువుని దాని వేగంతో హెచ్చవేసి ఒక అంకె తీస్తారు. ఆ అంకె ఎక్కువైతే మేజర్, తక్కువైతే మైనర్. బొమ్మ అంచుల్లో తగిలిన దెబ్బకి మేజర్‌వాడికి ఎక్కువ మార్కులు. స్టాండర్డ్ అనే విభాగంలో మేజర్ లెక్కలోకి రావాలంటే తూటా కనీసం 10 మిల్లీమీటర్లుండాలని ప్రపంచ నియమం. మన చట్టం గీసిన గీత 9.65 మిల్లీమీటర్లు! ఆ తేడా బియ్యపుగింజ మందం కూడా ఉండదు, అయినా ఆటగాడికి అది దాటరాని గోడ. మేగజైన్ సంగతీ అంతే. ప్రొడక్షన్ విభాగంలో ప్రపంచమంతా 15 తూటాలు నింపుకుంటుంటే ఇక్కడ పదే. పెద్ద స్టేజిలో 32 తూటాల దాకా కాల్చాల్సి ఉంటుంది. అక్కడివాడు రెండుసార్లు మేగజైన్ మారిస్తే ఇక్కడివాడు మూడుసార్లు మార్చాలి. ఎక్కడ మార్చాలి, ఏ రెండు బొమ్మల మధ్య పరుగులో మార్చాలి అని ముందే నడిచి చూసుకుని లెక్క కట్టుకోవాలి. మెమరీ తక్కువున్న మెషీన్ల మీద ప్రోగ్రాములు రాసినవాళ్ళకి ఈ బాధ కొత్త కాదు. ఇరుకులో పెరిగినవాడి లెక్క కొంచెం శుభ్రంగా ఉంటుందని నా నమ్మకం, పక్షపాతం ఉంటే క్షమించండి.

ఇంత కఠినమైన చట్టంలో ఒక కిటికీ తెరిచి ఉంచారు. ఇనప జంతువుల బొమ్మల్ని దూరం నుంచి కొట్టే సిలౌట్ ఆటకీ, మా కౌబాయ్ ఆటకీ .45 దాకా అనుమతి. నూట యాభై ఏళ్ళ కిందటి రివాల్వరు, ప్రతిసారీ బొటనవేలితో గుర్రం ఎత్తితే తప్ప పేలనిది, ఎవడు పట్టుకుని ఊరి మీద పడతాడని కాబోలు.

మా క్లబ్బులో ఒక పెద్దాయన ఉన్నారు, చిన్నప్పుడు స్కాట్లండు నుంచి వలస వచ్చినవారు, ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డారు. ప్రాక్టికల్ షూటింగులో .45 ఆటోమేటిక్‌తో ఇరవై ఏళ్ళు ఆడినాయన. 2003లో దాన్ని పోలీసుల బల్ల మీద పెట్టి, చెక్కు తీసుకుని, ఆ చెక్కుతోనే రెండు .45 రివాల్వర్లు కొన్నారు. "అదే కొలత, అదే చట్టం. ఒకటి ఇచ్చి రెండు తెచ్చుకున్నాను" అని నవ్వుతారు. ఒకసారి మాత్రం, తుపాకులు తుడుచుకుంటున్నప్పుడు, ఆ ఆటోమేటిక్ ట్రిగ్గరు గురించి చెప్తూ మధ్యలో ఆగిపోయారు. నేను ఆ రోజు మోనాష్‌లో ఉన్నానని ఆయనకి తెలుసు. కాసేపాగి, "నీ ఫ్రెండు ఫోన్ ఎత్తని ఆ రెండు గంటలకి నా తుపాకి ఖరీదు సరిపోతుందిలే" అన్నారు. మేమిద్దరం మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

అన్నట్టు, 2006లో కామన్వెల్త్ క్రీడలు మెల్బోర్న్‌లో జరిగినప్పుడు మన హైదరాబాదు కుర్రాడు గగన్ నారంగ్ నాలుగు బంగారు పతకాలు గెలిచాడు. పోర్ట్ మెల్బోర్న్ రేంజికి నేనూ వెళ్ళాను, అప్పటికి నాకు తుపాకి ఏ చేత్తో పట్టాలో కూడా తెలీదు. అక్కడ నన్ను ఆశ్చర్యపరిచింది పోటీ కాదు, పోటీకి ముందు జరిగే కొలతలు. ఎయిర్ రైఫిలు ఐదున్నర కిలోలు దాటకూడదు, తోలు జాకెట్టు మందం రెండున్నర మిల్లీమీటర్లు దాటకూడదు. జాకెట్టు మందంగా ఉంటే మనిషి బదులు జాకెట్టే నిలబడుతుందని ఒకాయన వివరించాడు. నాకు ఈ పిచ్చి పట్టింది బహుశా ఆ రోజే.

లైసెన్సు కోసం అర్జీ పెట్టింది 2013లో. మా ఆవిడ మూడు వారాలు మాట్లాడలేదు. "ఆ రోజు అక్కడ ఉండి కూడా నువ్వు..." అని మొదలుపెట్టి, వాక్యం పూర్తి చేసేది కాదు. నా దగ్గర మంచి జవాబు లేదు, ఇప్పటికీ లేదు. తాత తుపాకి, కృష్ణగారి టోపీ, నారంగ్ జాకెట్టు అని మూడు కారణాలు చెప్పాను, మూడూ ఒప్పుకోలేదు. చివరికి ఒక షరతు పెట్టింది: ఉక్కు బీరువా గరాజులో ఉండాలి, తాళంచెవి తను చూడకూడదు, పిల్ల చూడకూడదు. చట్టం కోరేదీ ఇంచుమించు అదే. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంలో.

తుపాకులు సమకూర్చుకోవడం మొదలుపెట్టాక అసలు చిక్కు షాట్‌గన్ దగ్గర వచ్చింది. ఆట పుస్తకం ప్రకారం మూడు రకాలు వాడొచ్చు: రెండు గొట్టాలది, 1887 నాటి లీవరుది, 1897 నాటి పంపుది. అమెరికాలో వేగంగా ఆడేవాళ్ళలో చాలామంది వాడేది ఆ పంపునే. ఇక్కడ పంపు అంటే సి వర్గం, దాని వయసు నూట ఇరవై ఏళ్ళయినా సరే. అందుకని మా క్లబ్బులో అందరి చేతుల్లోనూ రెండు గొట్టాలవే. విరిచి, ఖాళీ తూటాలు వెనక్కి విసిరి, పటకాలోంచి రెండు కొత్తవి ఒకేసారి లాగి, రెండు గొట్టాల్లోకీ ఒకేసారి జార్చాలి. రెండు తూటాలూ ఒకదానికొకటి తగలకుండా వేళ్ళ మధ్య పట్టుకోవడం నేర్చుకోవడానికి నాకు ఒక చలికాలం పట్టింది. సోఫాలో కూర్చుని ఉత్తుత్తి తూటాలతో సాధన చేస్తుంటే మా అమ్మాయి అచ్చంగిల్లాలు అనుకునేది.

లీవరుది తీసుకుందామా అనుకుంటుండగానే గొడవ మొదలైంది. టర్కీలో తయారైన ఆడ్లర్ అనే లీవరు షాట్‌గన్ 2015లో ఇక్కడి బజారులోకి వచ్చింది. ఎనిమిది తూటాలు కాల్చగలదట, పంపుని నిషేధించి దీన్ని ఎ వర్గంలో ఎలా ఉంచుతారని ఒక పక్షం. లీవరు పద్ధతి జాన్ బ్రౌనింగ్ 1887లోనే రూపొందించినది, ఇందులో కొత్తేముందని ఇంకో పక్షం. ఐదుకి మించి తూటాలు పట్టే వాటి దిగుమతిని ప్రభుత్వం 2015లోనే ఆపింది. చివరికి 2017లో ఒప్పందాన్ని తిరగరాసి, ఐదు దాకా పట్టేది బి వర్గమనీ, అంతకి మించితే డి వర్గమనీ తేల్చారు. మా ఆటలో షాట్‌గన్‌లో ఒకసారికి రెండు తూటాలే నింపుతాం కాబట్టి ఐదా, ఎనిమిదా అన్నది మాకు అనవసరం. అయినా రెండేళ్ళు అందరం ఊపిరి బిగబట్టాం. చట్టసభల్లో వాదన జరిగేది ఆధునిక తుపాకి గురించే గానీ, "లీవరు" అన్న ఒక్క మాటలో మా పాత సామాను కూడా కొట్టుకుపోయేలా ఉండింది.

ఈ మధ్యలోనే, 2016లో, ఆఫీసు పని మీద డాలస్ వెళ్ళాను. అక్కడ మా బావమరిది తన ఆఫీసు స్నేహితుణ్ణి బతిమాలి నన్నొక కౌబాయ్ పోటీకి తీసుకెళ్ళాడు. అరువు తుపాకులు. రివాల్వర్లు, రైఫిలు మనం వాడేవే. షాట్‌గన్ మాత్రం ఆ 1897 పంపు. ఒకటే ఆట, ఒకటే పుస్తకం, అవే ఇనప పలకలు. బీప్‌మంది. రివాల్వర్లు అయ్యాయి, రైఫిలు అయింది, గర్వంగా షాట్‌గన్ అందుకున్నాను. అలవాటు ప్రకారం దాన్ని మోకాలికి ఆనించి విరవబోయాను. అది విరగదు! వెనకనుంచి ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. అప్పుడు గుర్తొచ్చి పంపు వెనక్కి లాగి, అలవాటుగానే రెండు తూటాలు ఒక్కసారి తోయబోతే ఒకటి కింద పడింది. నా చేతులు ఆస్ట్రేలియా పౌరసత్వం ఎప్పుడు తీసుకున్నాయో నాకు తెలీదు. ఆ స్టేజిలో కడపటి స్థానం నాదే. సాయంత్రం బార్బెక్యూ దగ్గర ఒక టెక్సస్ ఆయన, "మీ దేశంలో అన్నీ లాక్కున్నారట కదా" అని జాలిపడ్డాడు. లేదండీ, నాలుగున్నాయి, గరాజులో బీరువాలో ఉన్నాయన్నాను. ఆయన నమ్మలేదు. మా ఆట మాకు ఉందని ఆయనకి ఎలా చెప్పాలో తెలియక ఇంకో ప్లేటు పక్కటెముకలు తెచ్చుకున్నాను.

మా ఆటకి తాతల కాలపు తుపాకులు చాలు కాబట్టి గట్టెక్కాం. ఆధునిక మల్టీగన్ ఆడదామనుకున్నవాళ్ళ పాట్లు వేరు. అమెరికాలో ఆ ఆటంటే ముప్పై తూటాల సెమీ ఆటోమేటిక్ రైఫిలు, పొడుగు గొట్టం షాట్‌గన్, పిస్టలు. వాటిలో రెండు ఇక్కడ ఊసెత్తడానికే లేదు. అందుకని ఇక్కడివాళ్ళు చేత్తో వెనక్కి లాగి వదిలే స్ట్రెయిట్ పుల్ రైఫిళ్ళు, పంపు రైఫిళ్ళు, మీట నొక్కితే తలుపు మూసుకునే తుపాకులు పట్టుకొచ్చారు. మామూలు బోల్టు కన్నా ఇవి చాలా వేగం, చట్టం దృష్టిలో మాత్రం సెమీ ఆటోమేటిక్ కావు. .303/25 తయారుచేసిన బుర్రలకి ఇవి మనవలన్నమాట. తెలివిని మెచ్చుకుంటాను. కానీ ఇక్కడే నాకు కొంచెం ఇబ్బంది కూడా ఉంది. కొలతకి ఒదగడం వేరు, కొలత ఎందుకు పెట్టారో మర్చిపోయి దాని పక్కనుంచి దారి వెతకడం వేరు. ఈ మాట అన్నందుకు క్లబ్బులో ఇద్దరు నాతో కాఫీ తాగడం మానేశారు.

2025 డిసెంబరు 14న సిడ్నీలోని బాండై తీరంలో, యూదుల హనుక్కా పండగ వేడుక మీద తండ్రీకొడుకులు కాల్పులు జరిపారు. 15 మందిని చంపారు. తండ్రి పేరు మీద లైసెన్సు ఉంది, తుపాకులు రిజిస్టరైనవే. పది రోజులు తిరక్కముందే న్యూ సౌత్ వేల్స్ చట్టసభ కొత్త నియమాలు చేసింది. మనిషికి నాలుగు తుపాకులకి మించి వద్దు, రైతులకీ పోటీలు ఆడేవాళ్ళకీ పది. స్ట్రెయిట్ పుల్, పంపు రైఫిళ్ళని సి వర్గంలోకి జరిపారు. సంఖ్య మీద హద్దు పెట్టడం దేశంలో అదే మొదలు కాదు, పశ్చిమ ఆస్ట్రేలియా 2024 చట్టంలోనే పెట్టింది. మేముండేది విక్టోరియా కాబట్టి ఇవి మాకు నేరుగా వర్తించవు. అయినా పై పుస్తకంలో ఇంకో అధ్యాయం మొదలైందని అందరికీ తెలుసు.

ఆ వార్త వచ్చిన రాత్రి మా ఆవిడ టీవీ ముందు చాలాసేపు కూర్చుంది. సిడ్నీలో ఉన్న తన పిన్ని కూతురికి ఫోన్ చేసింది, రెండోసారి గానీ ఎత్తలేదు. తర్వాత నావైపు తిరిగి, "మన గరాజులో ఎన్ని?" అంది. పన్నెండేళ్ళలో ఆమె అడగడం అదే మొదటిసారి.

"నాలుగు."

"ఆటకి ఎన్ని కావాలి?"

"నాలుగే."

"ఐదోది కొనాలని ఉందా?"

నిజం చెప్పాలంటే అప్పటికి రెండు నెలలుగా ఒక 1887 నమూనా లీవరు షాట్‌గన్ మీద కన్నేసి ఉన్నాను, అమ్మే ఆయనతో ధర కూడా మాట్లాడాను. ఆ మాట ఆమెకి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. మర్నాడు నేనే ఆయనకి ఫోన్ చేసి వద్దని చెప్పాను. ఎవరూ ఆపలేదు, చట్టమూ ఆపలేదు. రెండు తూటాలు ఒకేసారి జార్చడం ఎలాగూ వచ్చేసింది కదా అనుకున్నాను.

జనవరి పోటీకి ముందు అందరం టోపీలు తీసి ఒక నిమిషం నిలబడ్డాం. పెద్దాయనకి కీళ్ళ నొప్పులు, తుపాకి విరవడానికి బొటనవేళ్ళు సహకరించడం లేదు. టైమరు పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. ఆ రోజు మా క్లబ్బుకి అతిథిగా ఒక కుర్రాడొచ్చాడు, గుంటూరు వాడు, మాస్టర్స్ చదవడానికి వచ్చి ఆరు నెలలయింది. మధ్యాహ్నం దాకా కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. సామాను సర్దుకుంటుంటే దగ్గరికొచ్చి, "అన్నా, నేనూ చేరతా. ముందు ఏ తుపాకి కొనమంటారు?" అన్నాడు.

"ముందు టోపీ కొనుక్కో" అన్నాను. "దానికి పర్మిట్ అక్కర్లేదు."